పొట్టు చెరిగిన బార్లీ

ఆ ఆదివారం త్రినాథరావు ఇంట్లో ఉన్నది ఐదుగురు. ఇంటాయన త్రినాథరావు, పటాన్‌చెరు దగ్గరి ఒక మందుల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీరు. ఆయన భార్య అరుణాదేవి. అదే ఫ్యాక్టరీకి జనరల్ మేనేజరైన లక్ష్మీకాంతం, ఆ రోజుకు అతిథి. వంటింట్లో గిన్నెలు తోముతున్న మొగులమ్మ. ఆమె వెనకాల గోడకు ఆనుకుని, ఎనిమిది కిలోల సంచిని రెండు చేతులతో పొట్టకు అదుముకుని నిలబడ్డ ఆమె కూతురు ముత్యమ్మ. ఉండాల్సిన ఆరో మనిషి లేడు. వెనక గదిలో తళతళలాడుతున్న మిషన్‌ను తన చేతులతో కట్టినవాడు, ముత్యమ్మ తండ్రి కిష్టప్ప, నాలుగు వీధుల అవతల పటేల్‌గూడ పాత ఊళ్లో తన గుడిసెలో పడుకుని ఉన్నాడు. ఆయన్ను ఎవరూ రమ్మనలేదు.

సంచిలో బార్లీ రవ్వ ఉందని అందరూ అనుకుంటున్నారు. ఉన్నది పిండి. ఆ సంగతి ముత్యమ్మ ఒక్కదానికే తెలుసు.

సర్కారు సారా, బ్రాందీ, బీరు అన్నీ బంద్ పెట్టి అప్పటికి ఏడాది దాటింది. ఆదివారం రెండు సీసాల బీరు పడకపోతే త్రినాథరావుకు వారం గడిచినట్టుండదు. కొన్నాళ్లు బీదరు నుంచి తెప్పించుకున్నాడు. చెక్‌పోస్టు దగ్గర సోదాలు ఎక్కువయ్యాక ఆ దారీ మూసుకుపోయింది. అప్పుడు ఎక్కడినుంచో ఒక ఇంగ్లీషు పుస్తకం సంపాదించి, అందులో ఒక బొమ్మ చూపించి, ఇలాంటిది కట్టగలవా అని కిష్టప్పను అడిగాడు. కిష్టప్ప ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లుగా ఫిట్టరు. చదువు రాదు. బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, తల గోక్కుని, రెండో వారానికల్లా ఒక పాత స్టీలు డ్రమ్ముతో వచ్చాడు.

నాలుగు నెలల ఆదివారాలు ఆయనవి ఆ వెనక గదిలోనే గడిచిపోయాయి. డ్రమ్ము అడుగుకు నాలుగు వేళ్ల ఎత్తులో చిల్లుల పళ్లెం అమర్చాడు. దాని మీద వేడినీళ్లు, మొలకెత్తించి ఎండబెట్టి పగలగొట్టిన బార్లీ. చిల్లుల్లోంచి కిందికి దిగిన తియ్యటి నీళ్లను ఒక చిన్న పంపు లాగుతుంది, లోపల హీటరు కడ్డీ ఉన్న గొట్టంలోంచి తోస్తుంది, మళ్లీ డ్రమ్ము పైనుంచి చిలకరిస్తుంది. గంటసేపు ఆ నీళ్లు అలా తిరుగుతూనే ఉండాలి. వేడి అరవై ఆరు డిగ్రీల దగ్గర నిలవాలి. డెబ్బై ఐదు దాటిందా, బార్లీలో తీపి పుట్టదు, తీపి పుట్టకపోతే ఎంత పులిసినా అది బీరు కాదు. అందుకని ఒక థర్మోస్టాట్ డబ్బా హీటరును ఆర్పుతూ వెలిగిస్తూ కాపలా కాస్తుంది.

డిగ్రీలు, నిమిషాలు రాసిపెట్టడానికి పదో తరగతి చదివే కూతురిని కిష్టప్ప వెంట తెచ్చుకునేవాడు. ముత్యమ్మ నోట్లో నాలుక లేని పిల్ల. ఎవరైనా పలకరిస్తే కాలి బొటనవేలితో నేల గీకుతుంది. తండ్రి పక్కన కూర్చుంటే మాత్రం ప్రశ్న మీద ప్రశ్న వేసేది. నీళ్లు ఎందుకు తిరగాలె, తిరగకపోతే ఏమైతది, పైన ఎందుకు చిలకరించాలె. ఆయన ఒక్కదానికీ విసుక్కోలేదు.

బార్లీ పని తల్లీకూతుళ్లది. నానబెట్టాలి, తడి గోనెలో నాలుగు రోజులు మొలకెత్తించాలి, మిద్దె మీద ఎండబెట్టాలి, చివరికి ఇంట్లో ఇసుర్రాయి మీద పగలగొట్టి తేవాలి. మొదటిసారి మొగులమ్మ తన తల్లి నేర్పినట్టే చేసింది. మెత్తగా విసిరింది, చాటలో పోసి పొట్టంతా చెరిగింది, తెల్లటి పిండి తెచ్చి ఇచ్చింది. పొట్టుతో ఉన్న పిండిని ఒకరి ఇంటికి పట్టుకెళ్లడమంటే ఆమెకు తలవంపులు. పది నిమిషాల్లో ఆ పిండి చిల్లుల పళ్లెం మీద గచ్చు వేసినట్టు బిగుసుకుపోయింది. చుక్క నీరు దిగలేదు. పంపు ఉత్తిగా తిరిగి మొత్తుకుంది. గొట్టంలో నిలిచిపోయిన నీళ్లు హీటరుకు అంటుకుని మాడిపోయాయి. మొత్తం ఊడదీసి కడగడానికి కిష్టప్పకు సాయంత్రం దాకా పట్టింది. అయినా ఆయన కోప్పడలేదు, కడుపు పట్టుకుని నవ్వాడు. ఈ పనిలో పొట్టే జల్లెడ అని, పొట్టు లేకపోతే నీళ్లకు దారి ఉండదని చెప్పాడు. మర్నాడు ఇసుర్రాయి నడిమి మేకుకు ఒక రబ్బరు వాషర్ తొడిగాడు. పైరాయి వెంట్రుకవాసి లేచి తిరగసాగింది. గింజ పగిలేది, పొట్టు చెదిరేది కాదు. ఆ తర్వాత మిషన్ ఒక్కసారి కూడా ఆగలేదు.

వినాయక చవితి పోయిన వారం ఫ్యాక్టరీ స్టోర్సులో సామాను సరిచూశారు. ఒక చిన్న పంపు కనబడలేదు. అది త్రినాథరావు తన కారు డిక్కీలో వేసుకుని గేటు దాటించిన పంపు. స్టోర్సు రిజిస్టరులో మాత్రం పంపు తీసుకున్నట్టు వేలిముద్ర కిష్టప్పది. విచారణ నాటి పొద్దున త్రినాథరావు కిష్టప్పను సైకిల్ స్టాండు వెనక్కు పిలిచి, తన పేరు బయటికి రానీయొద్దని బతిమాలాడు. ఆరు నెలలు ఓపిక పడితే మళ్లీ లోపలికి తీసుకునే పూచీ తనదన్నాడు. కిష్టప్ప నోరు విప్పలేదు. దొంగతనం కింద తీసేశామని కాగితం వస్తే దాన్ని చదివి వినిపించింది ముత్యమ్మే. అందులో పంపు నంబరు ఉంది, ఎంపీ నూట పద్నాలుగు. కింద లక్ష్మీకాంతం సంతకం ఉంది.

అప్పటినుంచి కిష్టప్ప ముత్తంగి లారీ అడ్డాలో మూటలు మోస్తున్నాడు. బడిలో ముత్యమ్మ తన బెంచీలో కూర్చోగానే వెనకనుంచి ఎవరో ఒకరు పంపు తిరిగినట్టు గొంతుతో చప్పుడు చేసేవారు. పంతులు కూడా ఒకసారి నవ్వు ఆపుకోలేకపోయాడు. అయినా త్రినాథరావు ఇంట్లో పని మానొద్దని కిష్టప్ప ఇంట్లో కచ్చితంగా చెప్పాడు. మానేస్తే సారుకు కోపం వస్తదట, ఇచ్చిన మాట తప్పుతడట. ఐదు నెలలు గడిచాయి. ఆ పంపు మాత్రం ఆ వెనక గదిలో, ప్లైవుడ్ పెట్టె కింద, ప్రతి నెలా బీరు కాస్తూనే ఉంది.

సంక్రాంతి ముందు ఒక రోజు హైదరాబాదు నుంచి త్రినాథరావు స్నేహితుడొకడు వచ్చి మిషన్ చూసి మెచ్చుకున్నాడు. ముత్యమ్మ పకోడీల పళ్లెం పట్టుకుని గుమ్మంలో ఉంది.

"డిజైనంతా నాదేనండీ," అన్నాడు త్రినాథరావు. "వెల్డింగుకి మాత్రం ఒక ఫిట్టరుని పెట్టుకున్నాను. పనిమంతుడే గానీ కాస్త చేతివాటం. ఉద్యోగం పోగొట్టుకున్నాడు పాపం."

దొంగ అని ఉంటే ముత్యమ్మ ఏడ్చి ఊరుకునేదేమో. ఆ చివరి 'పాపం'ను మాత్రం ఆమె భరించలేకపోయింది. పళ్లెం బల్ల మీద పెట్టి వంటింట్లోకి వచ్చి, తల్లి చూడకుండా తన ముంజేతిని తానే కొరుక్కుంది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఏ పని చేస్తున్నా ఆమె మనసు ఒక్కదాని మీదే ఉండేది. మొదట డ్రమ్ములో ఉమ్మేద్దామనుకుంది. ఉమ్మితే ఆయన తాగుతాడు, మూతి తుడుచుకుంటాడు, ఎన్నటికీ తెలియదు. తెలియని పగ ఏం పగ? ఆయనకు తెలియాలి. ఆయన్ను నమ్మేవాళ్ల కళ్లముందు తెలియాలి. పెట్టె లోపల పంపుకు కంపెనీ నంబరున్న ఇత్తడి బిళ్ల ఇంకా ఉందని ఆమెకు తెలుసు. కంపెనీది కంపెనీదే, ఎప్పుడో ఒకనాడు తిరిగి పెట్టేస్తం గదా అని కిష్టప్ప దాన్ని ఊడదీయలేదు. త్రినాథరావు దాని మీద పెట్టె కప్పించి, నాలుగు మూలలా స్క్రూలు బిగించమన్నాడు.

అలాంటప్పుడు అరుణాదేవి మొగులమ్మకు చెప్పిన మాట ముత్యమ్మ చెవిన పడింది. వచ్చే ఆదివారం పెద్దసారు వస్తున్నారు. కిందటి నెల కాచింది రుచి చూస్తారు, మిషన్ నడవడం కళ్లారా చూస్తారు. కాబట్టి ఇల్లు అద్దంలా ఉండాలి.

శనివారం తండ్రి అడ్డాకు, తల్లి నాట్లకు పోయాక ముత్యమ్మ గుడిసె తలుపు వేసుకుంది. ఇసుర్రాయి పైరాయిని రెండు చేతులా ఎత్తి, మేకుకున్న వాషర్ తీసేసింది. ఎనిమిది కిలోలు ఒకసారి విసిరింది, చాలదని మళ్లీ విసిరింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ప్రతి తిప్పుకూ పళ్ల మధ్య ఒక్క పేరే పెట్టుకుని విసిరింది. ఆ తర్వాత చాటలో పోసి, తల్లి మొదటిసారి తెలియక చేసిన పనిని తాను తెలిసి, తీరిగ్గా, ఒక్క పొట్టు రేకు మిగలకుండా చేసింది. ఆ పొట్టును పక్కింటి బర్రె ముందు పోసింది. మిషన్ బిగుసుకుపోతుంది. పెట్టె విప్పక తప్పదు. సంతకం పెట్టిన మనిషే వంగి ఆ నంబరు చదువుతాడు. ఆ రాత్రి ఆమె కడుపునిండా తిన్నది.

ఆదివారం పదకొండు గంటలకు లక్ష్మీకాంతం వెనక గదిలో కేన్ కుర్చీలో కూర్చుని, మొదటి గ్లాసు ఖాళీ చేసి, బాగుందని ఒప్పుకున్నాడు. త్రినాథరావు సంతోషం పట్టలేకపోయాడు. పుస్తకంలో చదివిందంతా వల్లించాడు. డ్రమ్ములో నీళ్లు వేడెక్కాక ముత్యమ్మను పిలిచాడు. ఆమె సంచి విప్పి వంచింది. తెల్లటి దుమ్ము లేచి అతిథి చొక్కా మీద పడింది.

"చూశారా సార్, ఈసారి ఎంత నైసుగా ఉందో," అన్నాడు త్రినాథరావు గర్వంగా.

ముత్యమ్మ తలవంచుకుని పెదవి కొరికింది. నవ్వు వస్తుందేమోనని భయం. ఆమె తండ్రి అయితే సంచి మూతి విప్పగానే పట్టేసేవాడు. ఈయనకు తన మిషన్ తినేది ఏమిటో కూడా తెలియదు.

పంపు వేశాడు. పైనుంచి ధార పడింది. రెండో గ్లాసు సగం అయ్యేసరికి ఆ ధార దారంలా సన్నబడింది. ఇంకాసేపటికి చుక్కలు. తర్వాత అవీ లేవు. పెట్టెలోపల పంపు కూత పెట్టింది. గంజి అడుగంటిన వాసన గదంతా కమ్ముకుంది. త్రినాథరావు స్విచ్చి ఆర్పాడు, వేశాడు, ఆర్పాడు. పెట్టె మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు. నుదురు చెమటతో తడిసింది.

"ఏం త్రినాథరావ్, మీ మిషన్ నన్ను చూసి అలిగిందా?" అన్నాడు లక్ష్మీకాంతం. "ఆ పెట్టె విప్పి చూడరాదూ?"

స్క్రూడ్రైవరు ఎక్కడుందో అని త్రినాథరావు నసిగాడు. ఆ మాట పూర్తికాకముందే ముత్యమ్మ దాన్ని తెచ్చి ఆయన చేతికి అందించింది. ఆ పిల్ల అంత చురుగ్గా కదలడం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఆయన ఆ స్క్రూడ్రైవరును కాసేపు పట్టుకుని నిలబడ్డాడు. ఆ మిషన్‌కు ఆయన ఒక్క స్క్రూ బిగించి ఎరుగడు. చివరికి వంటింటి వైపు తిరిగి, కిష్టప్పను పిలుచుకురమ్మని మొగులమ్మతో చెప్పాడు.

ముత్యమ్మ వారం రోజులు అన్నీ ఆలోచించింది, ఈ ఒక్కటి ఆలోచించలేదు. చెడిపోయిన దాన్ని తనదని చెప్పుకునేవాడే విప్పుతాడనుకుంది. కట్టినవాణ్ని పిలుస్తారని తోచలేదు.

పావుగంటలో కిష్టప్ప వచ్చాడు. తల తడిపి దువ్వుకున్నాడు. పండక్కి దాచుకున్న చొక్కా వేసుకున్నాడు. పెద్దసారు ఉన్నప్పుడు సారు తనను పిలిచాడంటే ఆరు నెలల మాట గుర్తొచ్చిందనే అనుకున్నట్టు ఆయన మొహమే చెబుతోంది. లక్ష్మీకాంతానికి రెండు చేతులూ జోడించాడు. ఎవరీయన అని లక్ష్మీకాంతం అడిగాడు. ఊళ్లో మెకానిక్కులెండి సార్ అన్నాడు త్రినాథరావు. తాను సంతకం పెట్టి వెళ్లగొట్టిన మనిషి మొహం లక్ష్మీకాంతానికి తెలియదు. కిష్టప్ప చేతులు మెల్లగా దించుకున్నాడు.

తర్వాత డ్రమ్ము దగ్గరికి వెళ్లి, మోచేతి దాకా చెయ్యి ముంచి, గుప్పెడు ముద్ద తీసి బొటనవేలితో నలిపాడు. పొట్టు కోసం వెతికాడు. మళ్లీ నలిపాడు. తలెత్తి ముత్యమ్మను ఒక్కసారి చూశాడు. ఆమె తిట్లకు సిద్ధంగా ఉంది, దెబ్బలకు కూడా. ఆ చూపులో అవేవీ లేవు.

పొట్టుకు బదులు కలపడానికి వరి ఊక ఎక్కడన్నా దొరికితే ఒక గంప తెమ్మని భార్యను పంపాడు. నేల మీద గొంతుక్కూర్చుని పెట్టె స్క్రూలు విప్పసాగాడు. నాలుగోది ఊడాక పెట్టె పక్కకు జరిపి, కుర్చీకి వీపు అడ్డం వచ్చేలా తిరిగి, ఎడమ అరచేతిని పంపు మీద ఆనించాడు. సరిగ్గా బిళ్ల ఉన్న చోట. పంపు కాలిపోతోంది. ఆయన చెయ్యి తీయలేదు. ఒంటిచేత్తోనే గొట్టం విప్పుతున్నాడు.

ముత్యమ్మకు కళ్లు మండాయి. ఇంకా ఎవరి పరువు దాస్తున్నాడు ఈ మనిషి? పగలంతా మూటలు మోసి, రాత్రి వీపుకు ఉప్పు కాపడం పెట్టించుకుంటూ కూడా ఎవరిని కాపాడుతున్నాడు? గుమ్మం దాటి గది మధ్యకు వచ్చింది. నోరు తెరిస్తే వచ్చిన గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వేసింది.

"పెద్దసారు, మా నాయిన చెయ్యి కింద ఇత్తడి బిళ్ల ఉంది. దాని మీద నంబర్ చదువుండ్రి. ఎంపీ నూట పద్నాలుగు. మీరు సంతకం పెట్టిన కాయిదంల గూడ గదే ఉంది. పంపు తెచ్చింది మా నాయిన కాదు. ఈ సారు కార్ల వచ్చింది."

గుమ్మంలో అరుణాదేవి చేతిలోని పళ్లెం బల్ల మీద పెట్టేసింది. పిచ్చిపిల్ల సార్ అంటూ త్రినాథరావు నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలో ఎండిపోయింది. లక్ష్మీకాంతం లేచి వచ్చాడు. కిష్టప్ప భుజం మీద వేలితో తట్టాడు. కిష్టప్ప చెయ్యి తీశాడు. అరచెయ్యి ఎర్రగా కమిలి ఉంది. లక్ష్మీకాంతం వంగాడు, కళ్లజోడు సర్దుకున్నాడు, చదివాడు.

ఐదు నెలలుగా ముత్యమ్మ ఎదురుచూసిన క్షణం అది. త్రినాథరావు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ మొహాన్ని ఆమె కళ్లు ఆర్పకుండా చూసింది. రోజూ తలుచుకోవడానికి గుర్తుపెట్టుకోవాలనుకుంది.

లక్ష్మీకాంతం నిటారుగా లేచి తన చేతిలోని గ్లాసు వంక చూశాడు. ఆ తర్వాత త్రినాథరావు వంక. తిరిగి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

"త్రినాథరావ్," అన్నాడు నెమ్మదిగా. "ఈ రోజుల్లో నేనొకరి ఇంటికి వెళ్లి బీరు తాగడమేమిటి? నేను ఇవాళ ఇక్కడికి రానేలేదు. రానివాణ్ని ఏం చూస్తాను?"

అని ఖాళీ గ్లాసు ముందుకు చాచాడు.

త్రినాథరావుకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. సీసా వంచి గ్లాసు నింపాడు. నురగ పొంగి కిందికి కారింది. సీసా బల్ల మీద పెట్టి కిష్టప్ప దగ్గరికి వచ్చి వంగాడు.

"ఆరు నెలలన్నాను చూడు. ఆ మాట ఇక మర్చిపో. మీ అమ్మాయికి చెప్పుకో."

కిష్టప్ప లేచి లుంగీకి చేతులు తుడుచుకుని, కూతురి రెక్క పట్టుకున్నాడు. గట్టిగా కాదు. పెరటి తలుపు దాకా నడిపించుకెళ్లాడు. బయట మొగులమ్మ తెచ్చిన ఊక గంప గడప పక్కన ఉంది. ఆయన వంగి దాన్ని ఎత్తుకున్నాడు.

ముత్యమ్మ మెట్టు దిగి వెనక్కి తిరిగింది. "ఇంక వాళ్లకెందుకు చేస్తున్నవ్ నాయినా? నౌకరీ ఇయ్యనన్నడు గదా. గా మిషన్ గట్లనే సావనీ. ఇంటికి పోదాం పా."

"ఆయన మీద కోపముంటే ఆయన కారు టైర్ల గాలి తియ్యి. ఆయన బువ్వల ఇంత మన్ను పొయ్యి. వద్దంటనా?" అన్నాడు కిష్టప్ప. "నేను కట్టినదాని మీద చెయ్యి ఎట్ల ఏసినవ్ బిడ్డా? నాలుగు నెలలు పక్కన కూసుండి సూసినవ్ గదనే."

"అది ఆయనది, నాయినా."

"పంపు కంపెనీది. ఇల్లు ఆయనది. పనితనం ఎవరిది?"

జవాబు కోసం ఆయన ఆగలేదు. ఊక గంప చంకలో పెట్టుకుని, కాలిన చేతిని వెనక్కి మడిచి, రెండో చేత్తో తలుపు లాగి మూశాడు. లోపలినుంచి గడియ పడింది.